ఋణభారము – మనోధైర్యము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)

ఎల్లారెడ్డిపేట, సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ప్రాంతములలో అక్షరము రాని ముదుసలికి సైతము తెలిసిన ఆంగ్లాక్షరములు రెండు గలవు. అవి 'ఐ.పి.' అనునవి. ఇన్‌సాల్వెన్సీ పిటిషన్ అను మాటలకు అవి పొడి అక్షరములు. 'ఫలానావాడు ఐ.పి. పెట్టినాడట' అను కబురు ఉదయము చాయ హోటలువద్ద పుట్టినచో మధ్యాహ్నమునకు చెరువుకట్ట దాటును. సాయంకాలమునకు ఆ యింటి ఆడుబిడ్డ అత్తవారింటికి చేరును. చట్టము దృష్టిలో అది ఒక అర్జీ. ఊరి దృష్టిలో అది చావుకబురునకు తోబుట్టువు. ఈ రెండు దృష్టులనడుమ నలిగిపోవు మనుష్యుని గూర్చియు, ఆతని యింటివారిని గూర్చియు ఈ ప్రసంగము.

మొదటి చిక్కు భాషలోనే యున్నది. చేతులెత్తినాడు, బోర్డు తిప్పినాడు, నెత్తిన గుడ్డ వేసుకొన్నాడు, కుచ్చుటోపీ పెట్టినాడు అని బజారులో నాలుగు విధములుగా అందురు. ఇందు మొదటిది అశక్తత, కడపటిది మోసము. ఈ రెండింటికిని ఆకాశమునకును భూమికిని ఉన్నంత దూరమున్నను, ఆడిపోసుకొనునపుడు నాలుగు మాటలును ఒక్కనికే తగిలింతురు. అంతకంటె లోతైన చిక్కు 'ఋణము' అను మాటయందు గలదు. తెలుగున ఋణమనగా రొక్కము మాత్రమే కాదు. మనుష్యుడు పుట్టుకతోడనే దేవఋణము, ఋషిఋణము, పితృఋణము మోయునని పెద్దలు చెప్పిరి. ఎవరైన కాలము చేసినచో 'ఋణము తీరినది' అందురు. దారినపోవు కుక్కపిల్ల యింట చేరినను 'ఋణానుబంధము' అందురు. ఇందుచేత సహకార సంఘమునకు చెల్లింపని యేబదివేల రూపాయలును, తల్లిపాల ఋణమును ఒక్క తక్కెడలోనే పడుచున్నవి. బాకీ తీర్పజాలనివాడు లెక్కలో ఓడితినని గాక జన్మమునందే ఓడితినని తలపోయుచున్నాడు.

విచిత్రమేమనగా ఆ ప్రాచీనులే అప్పును అంత ఆధ్యాత్మికముగా చూచినవారు కారు. మనుస్మృతి చెప్పిన పదునెనిమిది వ్యవహారపదములలో, అనగా రాజసభకు వచ్చు తగవులలో, మొట్టమొదటిది ఋణాదానము. అనగా అప్పు వారికిని తగవే, తీర్పు చెప్పి తెంపవలసినదే. వడ్డీ పేరుకొని ఒక్కమారుగా పుచ్చుకొనునపుడు అసలుకు మించరాదనియు ఆ గ్రంథమే కట్టడి చేసినది. నేడు పల్లెలలో నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీ సామాన్యము. అది సాలుకు ముప్పదియారు. లక్ష రూపాయలకు మూడేండ్లలో బారువడ్డీయే 1,08,000 రూపాయలగును, అసలును దాటిపోయినది. చక్రవడ్డీ మాట చెప్పనక్కరలేదు. ఈ లెక్కలో ఓడుటకు మనుష్యుడు సోమరియో వ్యసనపరుడో కావలసిన పనిలేదు. రెండు కార్లు వానలు తప్పిన చాలును.

ఈ ప్రాంతమున అప్పు ఏ దారిని వచ్చునో ఎరుగనివారు లేరు. ఒక బోరు ఎండినచో రెండవది, రెండవది ఎండినచో మూడవది త్రవ్వింతురు. నీరు పడిన బోరు ఒక్కటియైనను అప్పు మాత్రము అన్నింటిదియు నిలుచును. గల్ఫు వీసాకై ఏజంటునకు కట్టిన సొమ్మునకు, కొడుకు అచ్చట మొదటి జీతము అందుకొనకమునుపే ఇచ్చట వడ్డీ నడుచుచుండును. సిరిసిల్లలో సాంచెల వ్యాపారమున సేటు, ఆసామి, కార్మికుడు అను మూడు మెట్లుండగా, నూలు ధర పెరిగినను గుడ్డ ధర తగ్గినను మొట్టమొదట జారిపడునది నడిమిమెట్టుననున్న ఆసామి. కూతుండ్ర పెండ్లిండ్లు, ఆసుపత్రులు, చిట్టీలు వీనికి తోడు. 1959లో 'అప్పుచేసి పప్పుకూడు' అను చలనచిత్రము చూచి ఊరూర నవ్విరి గాని, పల్లెలోని అప్పులలో పప్పుకూటికై చేసినవి మిక్కిలి తక్కువ.

ఇక మనస్సు సంగతి. 'బుద్ధిలేక అప్పులపాలైనాడు' అనుట లోకరీతి. 2013లో వెలువడిన ఒక పరిశోధన ఈ మాటను తలక్రిందులు చేసినది. తమిళనాడులోని చెరకు రైతులను పంట కోయుటకు ముందు, చేతిలో పైకము లేని దినములలో ఒకమారును, పంట సొమ్ము చేతికి వచ్చిన పిమ్మట మరియొకమారును పరీక్షించిరి. ఆ రైతులే, ఆ బుద్ధియే. అయినను ఇబ్బంది దినములలో వారి ఆలోచనాశక్తి స్పష్టముగా తగ్గియున్నట్లు తేలినది. అనగా డబ్బు చింత తలలో చోటు నాక్రమించి ఇతర ఆలోచనకు తావీయదు. అప్పులవాడు తాళపుచెవి ఎచట పెట్టెనో మరచుట, బిడ్డ అడిగిన చిన్నమాటకు కసరుట, నోటీసు కవరు విప్పక దూలముపై దాచుట, ఒక అప్పు తీర్చుటకు అంతకంటె చెడ్డ అప్పు తెచ్చుట – ఇవన్నియు ఆ యిరుకునుండి పుట్టినవే. కనుక కష్టకాలమున ఒంటరిగా చేసిన నిర్ణయమును నమ్మరాదు. తానే చేసికొన్నదైనను నమ్మరాదు.

ఆ నిద్రలేమి, ఆ యెదదడ, ఆ తలవంపు వచ్చుట సహజమే. అవి దౌర్బల్య చిహ్నములు కావు. మాట నిలుపుకొనవలెనను తపన గలవానికే అవి కలుగును. అయితే వానిలో సగపాలు తెలియనితనమువలన పెరుగుచున్నవి. 'జైలులో వేయుదురు', 'ఇల్లు వాకిలి వేలము వేయుదురు', 'భార్య మెడలోని పుస్తెలు తీయింతురు', 'పిల్లలు బ్రతికినన్నాళ్లు కట్టవలెను' – ఈ నాలుగు భయములే రాత్రులందు తిరుగుచుండును. కనుక చట్టమేమి చెప్పుచున్నదో కొంత నిదానముగా చూచుట అవసరము. ఇది న్యాయవాదుల పని యని విడిచిపెట్టినందువలననే కదా ఇన్ని యిండ్లలో నిదుర కరవైనది.

వ్యక్తుల దివాలాకు నేటికిని ఆధారమైనది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టము. 2016లో పార్లమెంటు క్రొత్త దివాలా స్మృతి చేసినది. అందు సామాన్య వ్యక్తులకు సంబంధించిన భాగము, 2019 డిసెంబరు 1 నుండి కంపెనీల అప్పులకు వ్యక్తిగతముగా పూచీ నిలిచినవారికి మాత్రము వర్తించుచున్నది; రైతునకు, చిల్లర వర్తకునకు ఇంకను వర్తింపజేయలేదు. పాత చట్టము ప్రకారము ఋణగ్రస్తుని బాకీలు 500 రూపాయలకు చేరినచో అర్జీ పెట్టుకొనవచ్చును. 1920లో అది పెద్ద మొత్తమే. నేడు ఒక డి.ఏ.పి. బస్తాకును చాలదు.

అర్జీలో అప్పులవారి పేర్లు, బాకీలు, తన ఆస్తి యావత్తు దాచక వ్రాయవలెను. న్యాయస్థానము అప్పులవారికందరకు నోటీసు పంపి, విచారించి, దివాలాదారుగా ప్రకటించును. అప్పటినుండి ఆస్తి న్యాయస్థానము చేతికో రిసీవరు చేతికో పోవును. అప్పులవారు కోర్టు అనుమతి లేక విడివిడిగా దావాలు వేయరాదు. నిర్బంధము కాకుండ రక్షణ ఉత్తరువు కోరవచ్చును. కొంత గడువు పిమ్మట 'డిశ్చార్జి', అనగా విముక్తి, అడుగుకొనవలెను. అన్ని బాకీలును దీనితో పోవునని మాత్రము అనుకొనరాదు. కుదువబెట్టిన భూమిపై, బంగారముపై కుదువదారు హక్కు అట్లే యుండును. ప్రభుత్వ బకాయి, మోసముచేత చేసిన అప్పు, భార్యాబిడ్డల మనోవర్తి – ఇవి విముక్తి పొందినను తీరవు. ఇది న్యాయమే.

జైలు భయమును గూర్చి 1980లో సుప్రీంకోర్టు స్పష్టముగా తీర్పు చెప్పినది. బ్యాంక్ ఆఫ్ కొచ్చిన్ వ్యాజ్యమున జస్టిస్ కృష్ణయ్యర్, ఇచ్చుకొనలేని పేదరికము చెరసాలకు కారణము కాజాలదనియు, ఇచ్చుటకు శక్తియుండి దురుద్దేశముతో ఎగవేయుటయే అందులకు కారణము కావలెననియు నిర్ణయించిరి. సొమ్ము డిక్రీ అమలుకై స్త్రీని నిర్బంధించుటను సివిల్ ప్రొసీజరు కోడు 56వ సెక్షను బొత్తిగా నిషేధించినది. స్వయంసహాయక సంఘములలోను, మైక్రోఫైనాన్సు సంస్థలలోను అప్పు ఇల్లాండ్ర పేరనే నడుచు ఈ కాలమున ఈ మాట ప్రతి యింటను తెలియవలసినది. 2010 అక్టోబరులో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మైక్రోఫైనాన్సు వసూళ్లపై ఆర్డినెన్సు తెచ్చుటకు కారణము, ఆ వసూళ్లు ఆడువారి ప్రాణములమీదికి వచ్చుటయే.

ఆ కోడు 60వ సెక్షను జప్తుచేయరాని వస్తువుల పట్టిక నిచ్చినది. అప్పులవానివి, ఆతని భార్యాబిడ్డలవి కట్టుబట్టలు, వంటపాత్రలు, పడకలు; మతాచారము ననుసరించి స్త్రీ తన మెడనుండి తీయరాని ఆభరణములు; చేతిపనివాని పనిముట్లు; సేద్యగాని నాగలి మొదలగు సాధనములు, బ్రతుకుతెరువునకు కావలసిన ఎడ్లు, విత్తనపుగింజలు; రైతు గాని కూలి గాని స్వయముగా కాపురమున్న సొంత యిల్లు. దివాలాలోను ఇవి రిసీవరు చేతికి పోవు. చేతిమగ్గమును పనిముట్టనుట సులువు. ముప్పది సాంచెల కార్ఖానాను పనిముట్టని చెప్పి నిలబెట్టుట కష్టము. ఏమైనను, ఈ పట్టిక వ్రాసినవారు ఓడిన మనుష్యుడు రేపు తెల్లవారి లేచి వండుకొని తిని పనికి పోవలెనని తలచియే వ్రాసిరి. పుస్తెల మాట చట్టములో కలదని తెలిసినచో ఎన్ని యిండ్లలో ఆ రాత్రి కొంత తేలికగా గడచునో!

నాలుగవ భయము సంతానమును గూర్చినది. హరిశ్చంద్రుని కథ వినని పల్లె లేదు. విశ్వామిత్రుని బాకీకై ఆ రాజు చంద్రమతిని, లోహితుని కాశీవీథులలో అమ్మిన ఘట్టమునకు కన్నీరు పెట్టని తల్లియు లేదు. ఆ కథ సత్యమును పొగడుటకు చెప్పినది గాని అప్పుల వసూలునకు దారి చూపుటకు చెప్పినది కాదు. అయినను అది గుండెలలో ఎచటనో మిగిలి, 'నా అప్పు నా భార్యాబిడ్డలది' అను తలంపును పెంచినది. తాను సంతకము పెట్టనిదే భర్త అప్పునకు భార్య బాధ్యురాలు కాదు. తండ్రి అప్పును తీర్చుట కొడుకు పవిత్ర ధర్మమను కారణము ఒక్కదానిచేతనే ఆతనిపై వసూలు జరుపు హక్కును, 2005 సెప్టెంబరు 9 పిమ్మట చేసిన అప్పులకు, హిందూ వారసత్వ సవరణ చట్టము తొలగించినది. వారసుడు తనకు సంక్రమించిన ఆస్తి మేరకే బదులు చెప్పును. చంద్రమతిని, లోహితుని బాకీ క్రింద చూపుటకు నేడు అప్పులవానికి అధికారము లేదు. అడుగుటకు సాహుకారునకు హక్కు లేదు.

ఇంత చెప్పిన పిమ్మట ఒక హెచ్చరిక. భయమునుండి తప్పించుకొనుటకై చాలమంది మొదట చేయు పని, పొలము బావమరిది పేరిటనో అల్లుని పేరిటనో వ్రాసివేయుట. దివాలాకు పూర్వము రెండేండ్లలోపల ప్రతిఫలము లేక చేసిన అట్టి దస్తావేజులను న్యాయస్థానము రద్దుచేయగలదు. మూడు నెలలలోపల ఒక్క అప్పులవానికి మాత్రము పక్షపాతముతో చెల్లించినదియు నిలువదు. ఆస్తి దాచినవానికి ఒక సంవత్సరమువరకు శిక్ష గలదు. చట్టము మాట అటుండగా, ఇట్టి దాపరికము మనస్సునకు చేయు కీడు ఇంకను పెద్దది. దాచినవాడు బావమరిదికి బానిస యగును. గడపలో అడుగు వినబడిన ఉలికిపడును. అశక్తుడు మోసగాడుగా మారునది ఈ ఒక్క సంతకమువద్దనే.

మరి ఇంటిలో ఏమి చేయవలెను? అన్నింటికంటె ముందు ఇల్లాలికి చెప్పవలెను. ఈ ప్రాంతమున మగవాడు అప్పును భార్యకు చెప్పకుండుట పౌరుషమనుకొనును. కడకు ఆమె ఆ సంగతి గడపలో నిలిచిన సాహుకారు నోట వినును. ఆ దినమున ఆమెకు కలుగు దుఃఖము బాకీ వలన సగము, తన్ను పరాయిదానివలె చూచినందులకు సగము. ముందుగా చెప్పిన యిండ్లలో ఏడ్పు ఉండును, తగవు ఉండును, రెండుమూడు దినములు పొయ్యి వెలుగకపోవచ్చును; ఆ పిమ్మట ఇద్దరు కూర్చుండి లెక్క చూతురు. చెప్పని యిండ్లలో ఆ లెక్క ఎన్నటికిని జరుగదు. పిల్లలకు సైతము వయస్సునకు తగినట్లు ఒకమాట చెప్పుట మేలు. తల్లిదండ్రులు గుసగుసలాడుకొనుచుండగా పసివారు దానికి కారణము తామే యని ఊహించుకొందురు.

రెండవది కాగితము. ఎవరికెంత, ఏనాటిది, ఏ వడ్డీ, నోటా చిట్టీయా చేబదులా – అంతయు ఒక్క నోటుపుస్తకమున వ్రాయవలెను. ఆరు నెలలుగా తలలో గిరగిర తిరిగిన బాకీ కాగితముమీద పడినంతనే పెరుగుట మానును. తొమ్మిది లక్షలని వణకినవానికి ఏడు లక్షలని తేలవచ్చును. ఐదనుకొన్నవానికి ఎనిమిది తేలవచ్చును. ఏది తేలినను, రాత్రి రెండు గంటలవేళ కానివచ్చు బాకీకంటె అది చిన్నదే యగును.

మూడవది, అప్పులవారితో మాటలాడుటకు తనకు మారుగా ఒక మధ్యవర్తిని ఏర్పరచుకొనుట. పెద్దన్నయో, మేనమామయో, పాత ఉపాధ్యాయుడో, కోపము లేని వకీలో. ఫీజు భరింపలేనివారికిని, స్త్రీలకును, షెడ్యూల్డు కులముల తెగల వారికిని 1987 నాటి న్యాయసేవల చట్టము క్రింద ఉచిత న్యాయసహాయము లభించును. ఇందులకు దూరదేశపు దృష్టాంతమొకటి గలదు. అమెరికా హాస్యరచయిత మార్క్ ట్వేన్ తన ప్రచురణ సంస్థ 1894లో కూలిపోగా ఏబదియెనిమిదేండ్ల వయస్సున దివాలా తీసెను. ఆతడు కథలు చెప్పుటలో అందెవేసిన చేయియే గాని లెక్కలలో కాదు. హెన్రీ రోజర్స్ అను వర్తక మిత్రుడు అప్పులవారితో తానే మాటలాడి, ట్వేన్‌ను వ్రాతకు, ఉపన్యాసములకు విడిచిపెట్టెను. 1895లో ట్వేన్ భార్యతోను, ఒక కుమార్తెతోను ప్రపంచయాత్రకు బయలుదేరి, 1896 ఆరంభమున భారతదేశమునకును వచ్చి ఉపన్యాసములిచ్చెను. ఆ యేడే పెద్దకుమార్తెను పోగొట్టుకొనెను. అయినను 1898 నాటికి చట్టము కోరినదానికి మించి ప్రతి బాకీయు పూర్తిగా చెల్లించెను.

ఇట్టి కథలే చెప్పి ఊరకుండుట అప్పులవానికి అన్యాయము. స్కాట్లండు నవలాకారుడు వాల్టర్ స్కాట్ 1826లో పుస్తకవ్యాపారుల పతనముతో లక్షకు పైబడిన పౌనుల అప్పులో మునిగి, అదే సంవత్సరము భార్యను కోల్పోయి, కలముతోనే తీర్తునని రేయింబవళ్లు వ్రాసెను. పక్షవాతము వచ్చినను మానలేదు. 1832లో మరణించెను; మిగిలిన బాకీ ఆతని గ్రంథముల హక్కులవలన తరువాత తీరినది. లోకము ఆతని పౌరుషమును పొగడినది. పొగడదగినదే; కాని ఆ పౌరుషము ఆతని ఆయువును తిన్నదనియు చెప్పవలెను. చెల్లింపవలెనను కోరిక ఎంత గొప్పదైనను, దేహమును చెల్లుచీటిగా వ్రాయుమని అప్పులవారెవ్వరును అడుగలేదు. తెలుగుదేశమున చిత్తూరు నాగయ్య 'పోతన'గా, 'త్యాగయ్య'గా వెలిగి, దక్షిణమున గొప్ప పారితోషికము లందుకొని, దానములవలనను సినిమా నష్టములవలనను అంతయు పోగొట్టుకొనెను. ఆ పిమ్మట చిన్నవేషములు కట్టుటకు సిగ్గుపడలేదు. 1973లో కన్నుమూయునప్పటికి ధనము లేదు. గౌరవము మాత్రము ఎవరును తీసికొనలేకపోయిరి.

చిన్నవేషము కట్టుట యన్నది ఇచ్చట అసలు పరీక్ష. నిన్నటిదాక నాలుగు సాంచెల ఆసామి, నేడు ఆ వీథిలోనే మరియొకని సాంచెపై కూలి నేయవలెను. ఆ మొదటి దినము అన్ని దినములకంటె కఠినము. భివండికో సూరతుకో వెళ్లువారిలో చాలమంది ఎక్కువ కూలికై కాక, తెలిసిన కన్నులనుండి తప్పించుకొనుటకై వెళ్లుదురు. వెళ్లుట తప్పుకాదు, ఇంటికి చిరునామా తెలియవలెను, పైకము రావలెను. అప్పులవారికి కనబడకుండుటకే ఇల్లువిడిచి పోవుటను ఆ 1920 చట్టమే దివాలా చేష్టగా లెక్కించినది.

సిరిసిల్లను గూర్చి చెప్పక ఈ ప్రసంగము సాగదు. 1990ల చివరను, 2000 తరువాతను నేతకుటుంబములలో వరుసగా జరిగిన ఆత్మహత్యలచేత పత్రికలవారు ఆ ఊరిపేరునే విరిచి అశుభముగా వ్రాసిన దినములు గలవు. 2017లో బతుకమ్మ చీరల ప్రభుత్వ ఆర్డరు వచ్చినపుడు సాంచెల చప్పుడు పెరిగినది. 2024లో అది నిలిచినపుడు చప్పుడు తగ్గి, మరల చావుకబురులు వచ్చినవి. పని దొరకినపుడు ప్రాణములు నిలిచినవనుట దీనివలన తెలియుచున్నది. అందుచేత ఇది ఒక్కొక్కని గుండెబలమునకు సంబంధించిన విషయము మాత్రమే యనుట సరికాదు. అయినను ఆర్డరు వచ్చువరకు మనుష్యుడు బ్రతికియుండవలెను గదా!

'నేను పోయినచో అప్పు పోవును' అను తలంపు ఈ కష్టములలో మిక్కిలి ప్రమాదకరమైనది, లెక్కకును తప్పు. మరణముతో బాకీ రద్దుకాదు. ఆస్తిపై అది నిలిచియే యుండును. రక్షణ ఉత్తరువు, జప్తు మినహాయింపులను అడిగి తెచ్చుకొనుటకు మాత్రము బ్రతికియున్న యజమాని కావలెను. ఇంటివారు కొన్ని గురుతులు కనిపెట్టవలెను: తిండి, నిద్ర మానుట, కల్లుసారాలు హెచ్చుట, తాను బరువైతినని పలుమార్లనుట, ఉన్నట్టుండి అప్పగింతలు చెప్పుట. అట్టివానిని ఒంటరిగా విడువరాదు. పురుగుమందులు ఆ యింట నుంచక, పొరుగింట తాళము వేసి యుంచవలెను. ఆ తలంపు కలదా యని సూటిగా అడుగుటవలన అది పుట్టదు. అడిగినవారికి చెప్పుకొని చాలమంది తేలికపడుదురు. 14416 అను సంఖ్యకు రాత్రింబవళ్లు ఎప్పుడైనను ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. టెలిమానస్ అను ఈ సేవను కేంద్రప్రభుత్వము 2022 అక్టోబరు 10న ప్రారంభించినది. ఆత్మహత్యకు ప్రయత్నించినవానిని నేరస్థునిగా గాక తీవ్రమనోవేదన ననుభవించుచున్నవానిగా చూడవలెనని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము చెప్పుచున్నది. కేసు భయముచేత ఆసుపత్రికి పోక ఆలస్యము చేయరాదు.

అప్పిచ్చినవారి పక్షమునను ఒకమాట చెప్పవలెను. చేబదులిచ్చినవారందరును సాహుకారులు కారు. పెండ్లికి దాచిన చిట్టీసొమ్ము ఇచ్చిన విధవరాలు ఉండును, పెన్షను సొమ్ము ఇచ్చిన ముసలి మాస్టరు ఉండును. వారికి కోపము వచ్చుట ధర్మమే. ఐ.పి. నోటీసు టపాలో వచ్చుటకు ముందే ఒకమారు వారి గడప తొక్కి, తన నోట చెప్పినచో వారు తిట్టవచ్చును; కాని మోసపోయితిమను మంట వారికి కొంత తగ్గును. ఆ తిట్టు పడుట అప్పులవానికిని మేలే. ఊహించిన తిట్టుకంటె పడిన తిట్టు తేలిక. బ్యాంకుల, ఫైనాన్సు కంపెనీల వసూలుదారులు ఉదయము 8 గంటలకు ముందును, సాయంకాలము 7 గంటల తరువాతను వసూలుకై ఫోను చేయరాదని 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఆదేశించినది. సెల్‌ఫోను యాపులవారి బెదిరింపులు వేరు. 2020 డిసెంబరులో హైదరాబాదు పోలీసులు వారిపై కేసులు పెట్టిరి. బంధువులకు ఫొటోలు పంపుదుమనువానికి పైకము కట్టుట కాదు, పోలీసులకు చెప్పుట తగినది.

ఊరు చేయగలిగినది పెద్దదేమియు కాదు. పెండ్లిపత్రిక పంచునపుడు ఆ యిల్లు దాటిపోకుండుట, బతుకమ్మ ఆడునపుడు ఆ యింటి ఆడువారిని కేకవేయుట, వ్యవసాయపు పనులకు వెనుకటివలె పిలుచుట. 'ఎంత అప్పట?' అను ప్రశ్న అడుగకుండ ప్రక్కన కూర్చుండువాడు ఒక్కడున్న చాలును. గ్రంథాలయమున ఆ ప్రశ్న అడుగువారుండరు. పత్రిక విప్పి రెండుగంటలు కూర్చుండుటకు చందా తప్ప పూచీ అక్కరలేదు. చదువరి గది ఇందులకును పనికివచ్చునని ఈ సంస్థను స్థాపించినవారు తలచియుండరు గాని, పనికివచ్చుచున్నది.

కడపట విముక్తిని గూర్చి. దివాలాదారుడు విముక్తి పొందువరకు శాసనసభకు, పార్లమెంటునకు, స్థానిక సంస్థలకు సభ్యుడు కాజాలడు. విముక్తి అడిగినపుడు న్యాయస్థానము ఆతని నడవడి విచారించును. మిగిలిన ఆస్తి రూపాయికి ఏబది పైసలకైన రాకున్నచో, అందులకు తాను బాధ్యుడు కాడని చూపవలెను. వ్యాపారి లెక్కపుస్తకములు ఉంచెనా, జూదము, దుబారా, తెగించిన బేరములు ఆడెనా యని చూతురు. అవి లేవని తేలినచో, ఈ దివాలా దురదృష్టమువలన కలిగినదే గాని అర్జీదారుని దుష్ప్రవర్తనవలన కాదని ధ్రువపత్రమిచ్చుటకు 73వ సెక్షనులో ఏర్పాటు కలదు. ఆ పత్రముతో స్థానిక సంస్థల అనర్హత తొలగును. ఊరి నోట వచ్చుటకు ఏండ్లు పట్టు మాటను కోర్టు మొహరు వేసి ఇచ్చును. దానిని అడుగవలెనని మాత్రము చాలమందికి తెలియదు. విముక్తి అర్జీలోనే దానిని కోరవలసినదని వకీలుకు చెప్పవలెను.